కష్టకాలమున విశ్వాసము

జీవితమున నుత్తరము దొరకని ప్రశ్నలు కొన్ని గలవు. సజ్జనులు బాధపడుట యేల? పసిబిడ్డలు మరణించుట యేల? ఎంత ప్రార్థించినను రోగము నెమ్మదింపకుండుట యేల? ఇట్టి ప్రశ్నల నడుగుటయే యవిశ్వాసమని కొందఱు పెద్దలు పిల్లలను గద్దించుచుందురు. మే మందుల కొడంబడజాలము.

మన తీరమున కీ ప్రశ్నలు క్రొత్తవి కావు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పొంగి బందరు పట్టణమును ముంచివేసెను. రమారమి 30,000 మంది మడిసిరి. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమయందు మరల నట్టి యుప్పెనయే వచ్చి వేలకొలది ప్రాణములను గొనిపోయెను. ఆ కెరటములు భక్తులను భక్తిహీనులను వేఱుచేసి చూడలేదు. చచ్చినవారు తమ పాపఫలము ననుభవించిరని చెప్పుట సులభమే. కాని యది క్రీస్తు మార్గము కాదు. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోగా, వారు తక్కిన యెరూషలేము వాసులకంటె నెక్కుడు పాపులు కారని ప్రభువు సెలవిచ్చినట్లు లూకా సువార్త 13వ అధ్యాయమున గలదు. పుట్టుగ్రుడ్డివాని విషయమునను ఆయన వానిమీదగాని తలిదండ్రులమీదగాని నేరము మోపలేదు.

యోబు గ్రంథమున 42 అధ్యాయములు గలవు. అన్నియు ముగిసినను యోబునకు దన బాధకు గారణము తెలుపబడలేదు. దేవుడు సుడిగాలిలోనుండి మాటలాడెను గాని, ప్రశ్నకు బ్రశ్నలనే యుత్తరముగా నిచ్చెను. అయినను విచిత్రమేమనగా, తెగించి ప్రశ్నించిన యోబుపై గాక, దేవుని పక్షమున వాదించిన మిత్రులపైననే యాయన కోపించెను. ఆ మిత్రులు 7 పగళ్లు 7 రాత్రులు మాటలాడక యతనితో నేలపై గూర్చుండినంతకాలము మేలే చేసిరి. నోరు తెఱచి కారణములు చెప్పబూనిన పిమ్మటనే చెడిరి.

అట్లయిన విశ్వాసమువలని యూఱట యేది? అది యుత్తరము కాదు, సహవాసమని మా యభిప్రాయము. లాజరును లేపబోవుచున్నానని యెఱిగియు బ్రభువు కన్నీరు విడిచెను. సిలువమీద దానే యేల యని యెలుగెత్తి యడిగెను. కావున మన ప్రశ్న యాయన యెఱుగనిది కాదు. పౌలు దన శరీరములోని ముల్లు తొలగుటకై 3 మార్లు వేడుకొనెను. ముల్లు తొలగలేదు; దానిని భరించుటకు జాలిన కృప దొరకెను.

ఇది దుర్బలులకు మత్తుమందు వంటిదని యాక్షేపించువారు గలరు. మత్తుమందు నొప్పిని మఱపించును. సిలువయో, నొప్పిని గన్నులయెదుట నిలుపును. నిజమైన యూఱట మనుష్యుని నిదురపుచ్చదు. లేపి పొరుగువానియొద్దకు బంపును.

విద్యార్థులారా! మీ తరగతిలో దండ్రిని గోల్పోయిన బాలు డుండవచ్చును. వానికి దైవచిత్తమునుగూర్చి బోధింపబోకుడు. వాని ప్రక్కను గూర్చుండుడు. తప్పిపోయిన పాఠములను వ్రాసి యిండు. సాయంకాలము వాని యింటివఱకు దోడుగా నడువుడు. మీకే యట్టి దినము వచ్చెనేని, ప్రశ్నింప వెఱవకుడు. ఆ ప్రశ్ననే ప్రార్థనగా జేసి దేవుని సన్నిధిని బెట్టుడు. ఆయన దానిని ద్రోసివేయడని మా దృఢవిశ్వాసము.