చిన్న కారైతే చిన్నతనమా?

కారు కొందామని ఇంట్లో మాట రాగానే "ఎంత పెద్దది?" అనే అడుగుతారు. రోజూ నడిపేదెవరు, ఏ సందుల్లో నడపాలి అన్నది ఎవరికీ పట్టదు. హైదరాబాదులో మా కాలనీనే చూడండి. రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. సెల్లారులో స్తంభాల మధ్య బండి పెట్టడమంటే సూదిలో దారం ఎక్కించినట్టే. అందుకే చాలా ఇళ్ళల్లో పెద్దకారు ఆదివారం దాకా ముసుగుతన్ని పడుకుంటుంది. లైసెన్సు ఉన్న ఇల్లాలేమో ఆటో కోసం వీధి చివర నిలబడుతుంది!

పిల్లల స్కూలు, రైతుబజారు, అత్తయ్యగారి ఆస్పత్రి... నా ప్రయాణాలన్నీ కలిపినా రోజుకి పదిహేను కిలోమీటర్లు దాటవు. దీనికి ఏనుగునెక్కాలా చెప్పండి?

1983లో వచ్చిన మారుతి 800 పొడవు 3.3 మీటర్లే. అందులోనే పిల్లాజెల్లా, మూటాముల్లెతో తిరుపతి వెళ్ళొచ్చాం మనం. 2009లో అమ్మకానికొచ్చిన టాటా నానో ఇంకా చిన్నది, 3.1 మీటర్లు. ఇరుకు సందులోనూ ఇట్టే తిరిగేది. అయినా 2018లో తయారీ ఆగిపోయింది. లోపాలు లేవని కాదు. మొదట్లో దాని డిక్కీ తలుపు తెరుచుకునేదే కాదు, సీటు వంచి సామాను పెట్టుకోవాలి. కూరల సంచులు మోసే ఆడవాళ్ళని ఒక్కమాట అడిగారో లేదో మరి! 2015లో గానీ ఆ తలుపు రాలేదు. కానీ అసలు దెబ్బ తీసింది 'చవక కారు' అన్న ముద్ర. అలా ప్రచారం చేయడం పొరపాటని రతన్ టాటాయే తర్వాత అన్నారు. స్కూటర్ మీద నలుగురూ వానలో తడుస్తూ వెళ్ళడం చూసి ఆయనకు ఆ కారు ఆలోచన వచ్చిందట. స్కూటర్ మీద తడిస్తే లేని నామోషీ, పట్టుచీర కట్టుకుని లక్ష రూపాయల కారు దిగితే వచ్చిందన్నమాట మనకి.

భద్రత మాట మాత్రం కొట్టిపారేయలేం. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నానోకి ఒక్క స్టారూ రాలేదు. పెద్దబండితో ఢీకొంటే నలిగేది చిన్నబండే. ఊళ్ళో ముప్ఫై, నలభై వేగంలో సరే గానీ, ఔటర్ రింగురోడ్డు మీదికి అలాంటి బండిని నేనైతే తీసుకెళ్ళను.

2023లో వచ్చిన ఎంజీ కామెట్ మూడు మీటర్లు కూడా ఉండదు. కరెంటు బండి. రాత్రి ఇంట్లో చార్జింగు పెడితే తెల్లారేసరికి సిద్ధం. సెల్లారులో ప్లగ్గుకి అపార్ట్‌మెంటు అసోసియేషన్ ఒప్పుకోవాలి, అదో పెద్ద పంచాయితీ! పైగా రెండే తలుపులు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారిని వెనక సీట్లోకి ఎక్కించడం మావల్ల కాదు. నలుగురు కూర్చున్నాక బియ్యం బస్తాకీ చోటుండదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, పొడవు కాస్త ఎక్కువైనా, నాలుగు తలుపుల చిన్నకారే నయం.

షోరూం వాళ్ళు ఎప్పుడూ ఖాళీ రోడ్డు మీదే నడిపి చూపిస్తారు. ఈసారి బండిని మీ సెల్లారుకే తెమ్మనండి. స్టీరింగు ముందు మీరు కూర్చుని రెండుసార్లు పెట్టి, తీసి చూడండి. మీవారిని వెనక సీట్లో కూర్చోబెట్టండి. మోకాళ్ళు ఎక్కడ తగులుతున్నాయో ఆయనే చెప్తారు.