సొంతూరు ఉత్తరం మనం ఇవ్వకూడదు

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం, కాస్త కోపంగా కూడా. తిట్టాలనుకునేవాళ్లు చివరిదాకా చదివి తిట్టండి.

ఈ వేసవిలో మన సంఘానికి మూడు విన్నపాలు వచ్చాయి. మూడింట్లోనూ కోరిక ఒకటే. "వీరి కుటుంబం ఫలానా జిల్లాది, అక్కడ ఇల్లుంది, రాకపోకలున్నాయి" అని లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి ఇవ్వాలట. పెళ్లి సంబంధానికి కాదు, పొలం తగాదాకీ కాదు. బెంగళూరులో పుట్టి, బెంగళూరు బడిలో చదువుతూ, పొద్దున ఐదింటికి బెంగళూరు పూల్‌లో దిగే పిల్లల్ని ఆంధ్రా తరఫునో తెలంగాణ తరఫునో జాతీయ జూనియర్ ఈత పోటీలకు పంపడానికి.

ఎందుకో అందరికీ తెలుసు. జాతీయ పోటీల్లో ఒక్కో ఈవెంట్‌కి ఒక్కో రాష్ట్రం నుంచి ఇద్దరే. రిలేకి ఒక్క జట్టు. కర్ణాటకలో ఆ ఇద్దరిలో ఒకరు కావడం మామూలు సంగతా? నిషా మిల్లెట్ ఈదిన ఊరిది, శ్రీహరి నటరాజ్ ఊరిది. పద్నాలుగేళ్లకే 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన ధినిధి దేసింగుదీ ఈ ఊరే. ఇక్కడ మూడో స్థానం వస్తే ఇంట్లో కూర్చోవాలి. అదే టైమింగ్‌తో కొన్ని రాష్ట్రాల్లో మొదటి స్థానం వస్తుంది. ఆ బాధ మాకు తెలియనిది కాదు. మాలో ఒకరి అమ్మాయి బ్రెస్ట్‌స్ట్రోక్‌లో సెకనులో నాలుగో వంతు తేడాతో మూడోదైంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

సరే, మనం ఉత్తరం ఇచ్చామే అనుకోండి. మన పిల్ల పేరు అక్కడి జాబితాలో ఎక్కితే, దాని కింద నుంచి ఎవరి పేరు జారిపోతుంది? కాకినాడలోనో వరంగల్‌లోనో తెల్లవారుజామున లేచి, దొరికిన కోచ్ దగ్గర, దొరికిన పూల్‌లో ఈది రెండో స్థానం తెచ్చుకున్న పిల్లది. ఆమెకు మన ఊరి పూల్ లేదు, మన ఊరి కోచ్ లేడు. ఉన్నదల్లా ఆ రెండో స్థానం. తెలుగు సంఘమని పేరు పెట్టుకుని, తెలుగు పిల్ల నోటి దగ్గర కూడు లాగడానికి ముద్ర వేస్తామా?

"మన మూలాలు అక్కడివేగా" అంటున్నారు. మూలాలు కాదన్నదెవరు? నవంబర్ 1న మనం కన్నడ రాజ్యోత్సవమూ చేసుకుంటాం, ఆంధ్ర అవతరణా తలుచుకుంటాం. రెండు ఊళ్ల మీద ప్రేమ ఉండొచ్చు. ఆధార్‌లో రెండు అడ్రసులు ఉండవు. ఉద్యోగం మారి నిజంగానే విజయవాడ వెళ్లిపోయిన కుటుంబానికి మన ఉత్తరంతో పనే లేదు. పిల్లాడు అక్కడి బడిలో ఉంటాడు, పాత రాష్ట్రం ఎన్ఓసీ తెచ్చుకుంటాడు, అయిపోయింది. మన ఉత్తరం అవసరమయ్యేది వెళ్లనివాళ్లకే.

"అందరూ చేస్తున్నారు" అనేదానికి మేం జవాబు చెప్పం.

"ఇద్దరే అన్న రూలే తప్పు" అనే మాటకు మాత్రం చెప్పాలి. అందులో సగం నిజం ఉంది. పారిస్‌కి మన శ్రీహరి, ధినిధి ఎలా వెళ్లారు? యూనివర్సాలిటీ కోటాలో. ఈతలో వెనకబడ్డ దేశాలకూ చోటుండాలని పెట్టిన దారి అది. మనవాళ్లకన్నా వేగంగా ఈదిన అమెరికా పిల్లలెందరో ఆ రోజు ఇంట్లో టీవీ చూశారు. వాళ్లలో ఒకరు ఉత్తరం పుట్టించి మన చోటులో దిగితే ఊరుకునేవాళ్లమా? రాష్ట్రానికి ఇద్దరన్నదీ అలాంటిదే. దాన్ని తీసేయమనకూడదు, దానికి తోడు ఇంకో తలుపు తెరవమనాలి. గట్టి కటాఫ్ టైమ్ ఒకటి పెట్టి, అది అందుకున్నవాళ్లెవరైనా, ఏ రాష్ట్రంలో ఎన్నో స్థానమైనా, దిగవచ్చనాలి. అమెరికాలో మన బంధువుల పిల్లలు "కట్ వచ్చింది" అని ఫోన్ చేస్తారే, అదే. టోక్యోకి ముందు, 2021 జూన్‌లో శ్రీహరి రోమ్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ 53.77లో ఈదాడు. ఎ కట్ 53.85. ఆ ఎనిమిది వందో వంతులే మాట్లాడాయి. తాతగారిది ఏ జిల్లా అని ఎవరూ అడగలేదు.

హీట్స్ పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది అంటారు. కటాఫ్ బిగిస్తే వచ్చేది కొద్దిమందే. పెరిగిన ఖర్చు ఎంట్రీ ఫీజులో కలపమనండి. దొంగ అద్దె ఒప్పందాలకు పెట్టే డబ్బుకన్నా అది తక్కువే అవుతుంది.

కాబట్టి వచ్చే ఆదివారం కమిటీలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఈత కోసం నివాస ఉత్తరాలు ఇవ్వం. కటాఫ్ టైమ్ కోసం సమాఖ్యకు అర్జీ పెడతాం, మన పిల్లల టైమింగ్‌లు జతచేసి, అందరి సంతకాలతో. సంతకానికి కన్నడ, తమిళ తల్లిదండ్రుల్నీ పిలవండి. మూడో స్థానం బాధ వాళ్ల ఇళ్లలోనూ ఉంది.

ఇంకో మాట దాచడం దేనికి, ఆ మూడు విన్నపాల్లో ఒకటి మాలో ఒకరి సొంత బావమరిదిది. నిన్న రాత్రే ఫోన్ చేసి కుదరదని చెప్పేశాం. ఆయన ఇంకా కోపంగానే ఉన్నారు.