పాత వీధిలో కొత్త మేడ

సన్నీవేల్‌లో మా వీధి చివర పాత ఇల్లొకటి పడగొట్టి రెండంతస్తుల ఇల్లు కడుతున్నారు. కట్టిస్తున్నది మన తెలుగు కుటుంబమే. పక్కింట్లో డెబ్భై దాటిన పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. మొన్న సాయంత్రం నడకకు వెళ్తుంటే నన్ను ఆపి, ‘మీవాళ్లకు అంతంత ఇళ్లెందుకు?’ అని అడిగింది. ‘మీవాళ్లు’ అన్నందుకు ఒళ్లు మండింది. తర్వాత పెరట్లోకి తీసుకెళ్లి చూపించింది. కోపం సగం తగ్గింది.

ఆమెది ఐక్లర్ ఇల్లు. జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ కాలిఫోర్నియాలో ఇలాంటివి సుమారు 11 వేలు కట్టాడు. వీధివైపు కిటికీలు దాదాపు ఉండవు. పెరటివైపు మాత్రం నేల నుంచి కప్పు దాకా గాజుగోడే. చుట్టుపక్కల ఇళ్లన్నీ ఒక్క అంతస్తే ఉంటాయన్న లెక్క మీద గీసిన ఇల్లది. ఇప్పుడు పక్క మేడమీది బెడ్‌రూమ్ కిటికీలోంచి చూస్తే ఆమె సోఫా, డైనింగ్ టేబుల్ అన్నీ కనిపిస్తాయి. ఇందుకే సన్నీవేల్, పాలో ఆల్టో నగరాలు కొన్ని ఐక్లర్ కాలనీల్లో పై అంతస్తు వేయకుండా నిబంధన పెట్టాయి. మా వీధికి అది లేదు. మనవాళ్లు చట్టమేమీ దాటలేదు.

వాళ్ల అవసరమూ నిజమే. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు మెట్లెక్కలేరు, కింద ఒక బెడ్‌రూమ్ కావాలి. పూజగది కావాలి. ఇంటినుంచి పనికి తలుపు మూసుకునే గది కావాలి. బే ఏరియా స్థలాల ధరలకు పైకి వెళ్లక దారేది? పైగా ‘వీధి అందం చెడుతోంది’ అనే మాట వెనక కొత్తవాళ్లను రానివ్వకూడదన్న బుద్ధి చాలాసార్లు దాగి ఉంటుంది. ఐక్లర్ మాత్రం రంగు, మతం చూడకుండా ఇళ్లు అమ్మినవాడు. బిల్డర్ల జాతీయ సంఘం ఆ పద్ధతిని సమర్థించలేదని 1958లో దాన్నుంచి తప్పుకున్నాడు కూడా. 2022లో అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 9 చట్టంతో ఒక ఇంటి స్థలాన్ని రెండు చేసి కట్టుకునే వీలొచ్చింది. కనుక ఇలాంటి ఇళ్లు ఇంకా వస్తాయి, రావాలి కూడా.

నా ఉద్దేశంలో గొడవ అంతస్తులది కాదు, కిటికీలది. పక్కింటివైపు కిటికీని కంటి ఎత్తుకు పైన పెట్టినా, అద్దం మసకది వేసినా, పై అంతస్తును నాలుగడుగులు వెనక్కి జరిపినా చదరపు అడుగులు పెద్దగా తగ్గవు. వాస్తు కోసం ఆర్కిటెక్ట్ చేత ప్లాన్ మూడుసార్లు మార్పిస్తాం కదా, ఇదీ నాలుగోసారి.

హైదరాబాద్‌లో మా పక్కవాళ్లు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాక ఐదంతస్తులు లేచాయి. మధ్యాహ్నం దాటితే డాబా మీద వడియాలు ఎండడం లేదని అమ్మ ఫోన్లో చెబితే ఆ బిల్డర్‌ని నోరారా తిట్టాను. ఇక్కడ అదే బాధను ఇంగ్లిష్‌లో వింటే నాకు ‘మీవాళ్లు’ ఒక్కటే వినిపించింది.

గృహప్రవేశానికి స్వీట్ బాక్సుతో ఎలాగూ పక్కింటి బెల్ కొడతాం. ప్లాన్ సిటీకి పంపకముందే ఆ కాగితంతో ఒకసారి వెళ్లొస్తే బాగుంటుంది. మా వీధి చివరి ఇంటికి కిటికీలు ఇంకా బిగించలేదు. ఈ శనివారం ఇద్దర్నీ మా ఇంటికి కాఫీకి పిలిచాను.