ఆటలో పుట్టిన నవలకు తెలుగు వాకిలి మూయవలెనా?



మన జిల్లాలోని తెలుగు ఉపాధ్యాయులు నలుగురు కలిసినచోట ఇటీవల ఒక మాట తరచు వినవస్తున్నది. వీడియో గేముల ఆధారంగా ఇంగ్లీషులో వస్తున్న యుద్ధనవలలు సాహిత్యమే కావనీ, వాటిని చదివే పిల్లవాడు చదువరి కాడనీ, వాటిమీద వాడు చెప్పే అభిప్రాయానికి తెలుగు తరగతిలో చోటీయరాదనీ ఆ మాట సారాంశం. దీనిని నేను అంగీకరించను. అంగీకరించకపోవడమే కాదు, ఈ ధోరణి మన తెలుగుకే చేటు తెస్తున్నదని గట్టిగా చెప్పదలచుకున్నాను.

ఈ నవలలు ఏమిటో తెలియని పెద్దల కొరకు ముందుగా నాలుగు మాటలు. 2001 నవంబరులో అమెరికాలో ‘హేలో’ అనే యుద్ధపు ఆట విడుదలైంది. దానికి రెండు వారాలు ముందే, అక్టోబరు చివరలో, ఎరిక్ నైలండ్ వ్రాసిన ‘ది ఫాల్ ఆఫ్ రీచ్’ అనే నవల వెలువడింది. ఆటలో శిరస్త్రాణం తీయని సైనికుడిగా కనిపించేవాడు ఎవరి బిడ్డ, ఎక్కడివాడు అన్న పూర్వకథ ఆ నవలలో ఉన్నది. తరువాత ఇటువంటివి వరుసగా వచ్చాయి. ‘మాస్ ఎఫెక్ట్’ ఆటకు డ్రూ కార్పిషిన్ 2007 నుండి నవలలు వ్రాశాడు. ‘గేర్స్ ఆఫ్ వార్’కు, కొంతకాలం తరువాత ‘హేలో’కు, పూర్వం పత్రికలలో రక్షణ వ్యవహారాల విలేఖరిగా పనిచేసిన కేరెన్ ట్రావిస్ వ్రాసింది.

నైలండ్ నవలలో కథ ఇరవై ఆరవ శతాబ్దంలో జరుగుతుంది. తిరుగుబాటుదారులను అణచడానికి సైన్యం హాల్సీ అనే శాస్త్రవేత్త చేత ఆరేళ్ళ పిల్లలను డెబ్బయి అయిదుగురిని ఎంపిక చేయించి, రహస్యంగా ఎత్తుకొనిపోతుంది. తల్లిదండ్రులకు అనుమానం రాకుండా ఆ పిల్లలను పోలిన నకళ్ళను ఇళ్ళలో ఉంచుతారు. ఆ నకళ్ళు కొద్దికాలానికే రోగాలతో చనిపోతాయి. కన్నవారు తమ బిడ్డే పోయాడని ఏడ్చుకుంటారు. ఎత్తుకొనిపోయిన పిల్లలకు పద్నాలుగేళ్ళు వచ్చేసరికి శరీరాన్ని బలపరిచే శస్త్రచికిత్సలు చేస్తారు. ముప్పయి మంది చనిపోతారు, పన్నెండు మంది వికలాంగులవుతారు. మిగిలిన ముప్పయి ముగ్గురు సైనికులవుతారు. ఆ తరువాత పరగ్రహవాసులు దండెత్తి వస్తే మానవజాతిని కాపాడేది ఈ పిల్లలే.

అయ్యా, ఇది చిన్న ప్రశ్నా? కొన్ని కోట్లమందిని కాపాడగలిగినంత మాత్రాన ఆరేళ్ళ బిడ్డలను దొంగిలించిన నేరం మాసిపోతుందా? ఈ ప్రశ్నమీద ఆ నవలల చదువరులు ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. హాల్సీ లేకపోతే మనిషే మిగలడు గదా అని ఒక పక్షం, ఆమె చేసింది క్షమించరానిదని మరొక పక్షం. 2011 నుండి 2014 వరకు మూడు నవలలు వ్రాసిన ట్రావిస్ రెండవ పక్షం వైపు గట్టిగా నిలబడగా, రచయిత్రి తీర్పరి అయి కూర్చున్నదని చాలామంది కోపగించారు. పాత్రను పాఠకుని తీర్పుకు వదలవలెనా, రచయితే తీర్పు చెప్పవలెనా అన్నది సాహిత్య విమర్శలో పాత ప్రశ్న. మనం శిక్షణలో నేర్చుకొన్నదే. నేను టి.సి.హెచ్. చదివిన రోజులలో బోధనశాస్త్రపు నోట్సులో వ్రాసుకొన్న ‘విమర్శనాత్మక పఠనం’ అంటే ఇదే గదా!

ఇంకొక ఉదంతం చెబుతాను. 2012 జనవరిలో ‘మాస్ ఎఫెక్ట్’ వరుసలో విలియమ్ డీట్జ్ వ్రాసిన ‘డిసెప్షన్’ అనే నవల వచ్చింది. చదివినవారు మునుపటి నవలలను, ఆటలను ప్రక్కన పెట్టుకొని, పుటలవారీగా సరిపోల్చి, తప్పుల పట్టిక ఒకటి తయారు చేశారు. మునుపటి నవలలో ఆటిజం ఉన్న ఒక బాలిక ఇందులో ఆ లక్షణమే లేకుండా తిరుగుతున్నదని నిలదీశారు. చివరకు ఆట తయారు చేసిన సంస్థ, ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పి, రాబోయే ముద్రణలో సరిదిద్దుతామని ఒప్పుకొన్నారు. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాంతరాలు తేల్చిన మన పరిష్కర్తలు చేసిన పని దీనికి ఎంత దూరం? ఆ చదువరులలో ఒక్కరికీ సాహిత్యంలో పట్టా ఉండనక్కరలేదు. కథలో ఉన్న ఒక బాలికకు అన్యాయం జరిగిందని తోచింది, పుట చూపించారు. అంతే.

ఇక మన పెద్దల ఆక్షేపణలకు వద్దాము.

“ఆటను అమ్ముకోవడానికి వ్రాసినవి” అన్నది మొదటిది. ఇది కొంత నిజమే. ఆటలోని ఘట్టాలనే వరుసగా తిరిగి వ్రాసిన పుస్తకాలు ఈ జాతిలో చాలా ఉన్నాయి. అదే డీట్జ్ 2003లో వ్రాసిన ‘ది ఫ్లడ్’ మొదటి ఆటలోని కథనే నవలగా చెప్పింది. తుపాకి ప్రేలిన ప్రతిచోటా మళ్ళీ ప్రేలుతున్నదని ఆట ఆడినవారే విసుగుకొన్నారు. అయితే గమనించండి, ఆ దోషాన్ని పట్టుకొన్నది మనం కాదు, వాటిని ప్రేమించే పాఠకులే. మంచిచెడ్డలు ఏరుకొనే శక్తి వారికి ఉన్నది.

“ఆట నుండి కథ పుట్టడమేమిటి?” అని ఒక పెద్దమనిషి పెదవి విరిచారు. పల్నాటి వీరచరిత్రను పాఠం చెప్పిన నోటితో ఈ మాట ఎలా అనగలిగారో నాకు అర్థం కాదు. కోడిపందెంలో ఓడినందుకే గదా మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యం విడిచి పోయింది! ఇప్పటికీ కారంపూడిలో కార్తిక మాసంలో జరిగే వీరుల ఉత్సవంలో ఒక రోజు పేరే కోడిపోరు. బాలచంద్రుడు బొంగరాలాడుతుండగా ఆ బొంగరం ఒక స్త్రీ కాలికి తగలడమూ, ఆమె అన్న మాటతో యుద్ధపు సంగతి బాలునికి తెలియడమూ శ్రీనాథుని కృతిగా చెప్పుకొనే కావ్యంలో గుండెకాయ వంటి ఘట్టం. భారతానికి మూలం జూదం. ఆట, ఆట వెనుక పగ, పగ వెనుక పోరు, పోరు వెనుక కథ. ఇది మనకు తెలియని దారి కాదు.

“హింస ఎక్కువ” అన్నది మూడవది. ద్రోణపర్వంలో అభిమన్యుని వధ చదివించే మనం ఈ మాట అనడం నాకు నవ్వు తెప్పిస్తుంది. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ చిత్రానికి పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళిన తల్లిదండ్రులే ఈ మాట అంటున్నారు. అశ్వత్థామ భవిష్యత్తులో యుద్ధం చేస్తే చప్పట్లు, అదే పుస్తకంలో వస్తే చెడు అలవాటు! పైగా ఆడటానికీ చదవడానికీ తేడా చూడటం లేదు. 2020 సెప్టెంబరులో పబ్‌జీని కేంద్రప్రభుత్వం నిషేధించినప్పుడు సంతోషించిన తండ్రులలో నేనూ ఉన్నాను. రాత్రి రెండు గంటల వరకు ఫోను పట్టుకొని కేకలు వేసే పిల్లవాడు వేరు, మూడువందల పుటల పుస్తకం ముందు కదలకుండా కూర్చున్న పిల్లవాడు వేరు.

వీటన్నిటికంటె నన్ను ఎక్కువగా బాధించేది నాలుగవది. అది ఆక్షేపణ కాదు, మెచ్చుకోలు. “పోనీలెండి సార్, ఇంగ్లీషు బాగుపడుతుంది” అంటారు. అనగా పుస్తకం ఇంగ్లీషు టానిక్కు. అందులో ఏమున్నది, బిడ్డ ఏమనుకున్నాడు అన్నది ఎవరికీ పట్టదు. వెక్కిరించే ఉపాధ్యాయుడు, టానిక్కుగా త్రాగించే తండ్రి, ఇద్దరూ కలిసి చేస్తున్న పని ఒక్కటే: ఆ పిల్లవాని అభిప్రాయాన్ని తెలుగు గడప దాటించి వెళ్ళగొట్టడం.

మన పిల్లల పరిస్థితి ఆలోచించండి. రాయచూరులో తెలుగు నిన్న మొన్న వచ్చినది కాదు. కోట గోడలోని పెద్ద బండమీద 1294 నాటి శాసనం తెలుగులోనే ఉన్నది. 1520లో ఈ కోట కొరకు ఆదిల్షాతో పోరాడి గెలిచిన కృష్ణదేవరాయలు తెలుగు కావ్యం వ్రాసిన కవి. తరువాతి కాలంలో తుంగభద్ర ఎడమకాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతాలలో క్యాంపులు కట్టుకొన్న రైతు కుటుంబాలు మరికొంత తెలుగును తెచ్చాయి. ఇంత ఉన్నప్పటికీ ఈనాటి పిల్లవానికి వీధిలో కన్నడం, ఆటలో తోటివారితో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. కన్నడం వానికి అన్నంపెట్టే నేల భాష, దానిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తెలుగు మాత్రం అమ్మతో అన్నం అడగడానికీ, పరీక్షలో ప్రతిపదార్థం వ్రాయడానికీ మిగిలింది. తనకు నచ్చినదానిని గురించి, నచ్చనిదానిని గురించి వాదించే భాషగా మిగలలేదు.

మా తరం అలా కాదు. మధుబాబు షాడో నవలలను సైన్సు పుస్తకం మధ్యలో దాచుకొని చదివినవారము. అద్దె పుస్తకాల దుకాణంలో ఒక భాగం దొరికి రెండవ భాగం దొరకకపోతే, కథ ఏమై ఉంటుందని కాలువగట్టుమీద కూర్చొని గంటలు గంటలు వాదించుకొన్నాము. షాడో సాహిత్యమా కాదా అన్నది అటుంచండి. ఆ వాదం తెలుగులో జరిగింది. ఇప్పుడు అదే వయసు పిల్లవాడు అదే ఆవేశంతో మాట్లాడబోతే, మనం “అది మన పీరియడు సంగతి కాదు” అని నోరు మూయిస్తున్నాము.

మా బడిలో తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు, అమెరికా నుండి సెలవులకు వచ్చిన బావ వదలి వెళ్ళిన ‘ది ఫాల్ ఆఫ్ రీచ్’ చదువుతున్నాడని తెలిసి, ఒక శనివారం ఆ కథను తెలుగులో చెప్పమన్నాను. మొదటి అయిదు నిమిషాలు వానికి మాటలు దొరకలేదు. ఇంట్లో ఉంచిన నకలు బిడ్డను ఏమనవలెనో తోచక నిలబడిపోయాడు. సూర్యుని భార్య సంజ్ఞాదేవి తన స్థానంలో ఛాయను ఉంచి వెళ్ళిన కథ వెనుక బెంచీ పిల్లవాడికి గుర్తుకు వచ్చింది. “ఛాయాశిశువు అందాం సార్” అన్నాడు. తరగతి అంతా ఒప్పుకొన్నది. ఏ నిఘంటువులోనూ లేని మాట పదిహేను మంది పిల్లలు కలిసి ఆ నిమిషంలో పుట్టించారు.

ఆ తరువాత హాల్సీ మీద వాదం. ప్రపంచాన్ని కాపాడటానికే గదా అని కొందరు. యాగరక్షణ కొరకు విశ్వామిత్రుడు పసివాడైన రాముని తీసుకొనిపోలేదా అని ఒకడు పాయింటు తీశాడు. అప్పుడు, అంతవరకు నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, “విశ్వామిత్రుడు దశరథుణ్ణి అడిగాడు సార్. దశరథుడు ఏడ్చాడు, కాదన్నాడు, తరువాత పంపాడు. ఈమె అడగలేదు. ఏడవడానికి కూడా దొంగబిడ్డనే ఇచ్చింది” అన్నది.

నేను ఇరవై ఏళ్ళకు పైగా బాలకాండ పాఠాలు చెబుతున్నాను. దశరథుని నిరాకరణకు అంత విలువ ఉన్నదని ఏ గైడూ వ్రాయలేదు. ఆ అమ్మాయి ఆ ఇంగ్లీషు నవలను చదవనే లేదు, వాడు చెప్పగా విన్నది. దానితో మన రామాయణంలోని ఒక ఘట్టాన్ని నాకు క్రొత్తగా చూపించింది. ఇప్పుడు చెప్పండి, ఆ గంటలో నష్టపోయినది తెలుగా?

ఒక మిత్రుడు నాతో, “నీవు ఇలా ప్రోత్సహిస్తే పిల్లలు తెలుగు నవలలు ఇంకా చదవరు” అన్నారు. చదివించడానికి వారి చేతికి మనం ఇస్తున్నదేమిటి అని అడిగాను. చందమామ ఆగిపోయి పదేండ్లు దాటింది. కన్నడ, ఇంగ్లీషు పుస్తకాల నడుమ మన బడి బీరువాలో ఉన్న తెలుగు పుస్తకాలు తాళం వేసి ఉన్నాయి, తాళంచెవి ప్రధానోపాధ్యాయుని సొరుగులో ఉన్నది. కోట ముందు నిలబడి, 1520లో ఇక్కడ ఏమి జరిగిందని అడిగే పిల్లవానికి రెండు వాక్యాల పాఠం తప్ప మనం ఏమీ చెప్పము. పోర్చుగీసు తుపాకులవారు గోడమీది కావలివారిని గురిచూసి కొట్టిన సంగతిని నూనిజ్ వ్రాసిపెట్టాడు. అది ఏ వీడియో గేముకూ తీసిపోని ఘట్టం. అది తెలుగులో వాని చేతికి అందనంతవరకు వాడు రీచ్ గ్రహానికే పోతాడు. పోనీయండి. తిరిగి వచ్చి అక్కడ చూసినది తెలుగులో చెప్పమనండి.

ఈ దసరా సెలవుల తరువాత మీ తరగతులలో ఒక శనివారం ఈ ప్రయత్నం చేయగోరే ఉపాధ్యాయులకు నా సూచన: ఎనిమిదవ తరగతికి తక్కువ వద్దు. ‘ది ఫ్లడ్’తో మొదలుపెట్టకండి, పిల్లలకే విసుగు పుడుతుంది. కథ చెప్పే పిల్లవాని మాటకు మధ్యలో అడ్డు తగిలి వ్యాకరణం దిద్దకండి. ఇంగ్లీషు మాట దొర్లితే దానికి తెలుగు మాటను మీరు అందించక, తరగతిని అడగండి. ఎవరైనా తండ్రి వచ్చి ఇదేమి పాఠమని అడిగితే, ఆయనను కూడా వెనుక బెంచీలో కూర్చోబెట్టండి.