పడవ ప్రయాణానికి పథ్యం

గత శీతకాలంలో తిరుపతి నుండి సకుటుంబంగా పులికాట్ సరస్సులోని ఇరకం దీవికి వెళ్ళాము. భీములవారిపాళెం రేవులో తెరచాప పడవ ఎక్కాము. గాలికి పడవ ఊగసాగింది. ఫ్లెమింగోలను చూడవలసిన తొమ్మిదేళ్ళ మా మనుమరాలు తల వంచి ఫోనులో ఆడుకుంటూ, కొంతసేపటికి వాంతి చేసుకున్నది. అందరూ పైత్యమన్నారు. దోషం పైత్యానిది కాదు, నాది. వేకువనే బిడ్డకు కడుపునిండా పూరీలు పెట్టించినది నేనే.

ఊగే పడవలో లోపలి చెవి కదలికను తెలుపుతుంది. కన్ను మాత్రం కదలని తెరను చూస్తుంది. ఈ వైరుధ్యమే వికారానికి మూలం. కనుక పడవలో దృష్టిని దూరపు గట్టుపై నిలపాలి. బయలుదేరే ముందు రెండు ఇడ్లీలు చాలును. ఖాళీ కడుపూ మంచిది కాదు. ఉప్పద్దిన అల్లంముక్క నమిలితే కొందరికి ఉపశమనం కలుగుతుంది. అందరికీ కలుగుతుందనుట అతిశయోక్తి.

తిరుగు ప్రయాణంలో మా పాప పక్షులను లెక్కపెడుతూ హాయిగా వచ్చింది.

వాంతులు ఆగక, మూత్రం తగ్గి, బిడ్డ మగతగా ఉన్నచో చిట్కాలతో కాలయాపన తగదు. ఓ.ఆర్.ఎస్. త్రాగిస్తూ వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. తక్కిన వేళల ఔషధం కంటే పథ్యమే ముందని నా దృఢాభిప్రాయం.