ముందు ఊరికి చెప్పాలి

ఫ్యాక్టరీ పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టి, భూమి లోతున రాతిపొరల్లో దాచడం మంచి పనే. నార్వే 1996లోనే సముద్రగర్భం కింద దాచడం మొదలుపెట్టింది. కాని దారి మాటేమిటి? 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, సటార్షియా గ్రామం వద్ద వానలకు నేల జారి, చమురు బావులకు ఈ వాయువును మోసే పైపులైను పగిలింది. 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. సుమారు 200 మంది ఇళ్ళు విడిచారు. ఈ వాయువు గాలికన్న బరువైనది. పల్లంలో పేరుకుంటే ఊపిరాడదు, మోటారు బండ్లు సైతం ఆగిపోతాయి.

మన దేశంలో ఇలాంటి పథకాలకు నీతి ఆయోగ్ 2022లో విధాన నివేదిక వెలువరించింది. పైపు ఎవరి పొలాల గుండా వెళ్తుందో, పగిలితే ఎటు పరుగెత్తాలో గ్రామసభలో చెప్పాకే అధికారులు తవ్వకానికి అనుమతివ్వాలి. అడగడానికి గ్రామస్థులు వెనుకాడరాదు.