చిగురుగుంటలో పాత గని సరే, మిల్లు మాటేమిటి?

గుడుపల్లె: చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులను మళ్లీ తెరిచే మాట మండలంలో చాలాకాలంగా నలుగుతున్నది. 2001లో మూతపడిన ఈ గనులను, 2015లో గనుల చట్టం మారిన తరువాత జరిగిన వేలంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్.ఎం.డి.సి. దక్కించుకున్నది. తవ్విన గని ఉన్నది, రోడ్డున్నది, రైలుమార్గం పక్కనే ఉన్నది, ఇక పనెంతసేపు అని టీ అంగళ్ల వద్ద చెప్పుకుంటారు. ఇందులో సగమే నిజం.

రాతిలో కొత్తగా దారులు తొలచాలంటే ఏళ్లు పడుతుంది గనుక పాత దారులు పెద్ద ఆస్తే. పాత పటాలు, డ్రిల్లింగు లెక్కలు అంతకంటె ఆస్తి. అయితే పంపులు ఆపిన గని నీటితో నిండుతుంది. ఆ నీరు తోడి, గుల్లబారిన రాతికి ఊతమిచ్చి, గాలి ఆడేటట్లు చేస్తేగాని లోపలికి మనిషిని పంపరాదు. తోడిన నీరు ఏ చెరువులోకి మళ్లిస్తారో, తోడినందువల్ల చుట్టుపక్కల బోర్లు ఏమవుతాయో రైతులు ముందే అడగవలసి ఉన్నది.

ఇక అసలు సంగతి మిల్లు. భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన రోజుల్లో ఇక్కడి రాయి లారీల్లో సరిహద్దు దాటి కె.జి.ఎఫ్.కు వెళ్లేది. బంగారం తీసేది అక్కడ. 2001 ఫిబ్రవరి 28న కె.జి.ఎఫ్. మూతపడింది. అంటే గని మిగిలింది గాని దాని వంటిల్లు పోయింది.

ఈ బ్లాకులో 18.3 లక్షల టన్నుల రాయి, టన్నుకు సగటున 5.15 గ్రాముల బంగారం ఉన్నట్లు అంచనా. లెక్క వేస్తే మొత్తం తొమ్మిదిన్నర టన్నులకు లోపే. టన్ను రాయిని పిండి చేసి సైనైడు నీటిలో నానబెట్టి అయిదు గ్రాములు తీస్తే, మిగతా పిండంతా మిల్లు పక్కనే దిబ్బ పడుతుంది. కె.జి.ఎఫ్. దిబ్బలు ఎంతెత్తున ఉన్నాయో, గాలికి ఆ పొడి ఎట్లా లేస్తుందో ఇటునుంచి కూలికి వెళ్లినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ పొడిలో మిగిలిన బంగారం కోసం 13 దిబ్బల వేలానికి 2024లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది.

కనుక మిల్లు ఎక్కడుంటే ఉద్యోగాలక్కడ, దిబ్బా అక్కడే. ఇక్కడ వద్దంటే పనులు పోతాయి, లారీల దుమ్ము మాత్రం మనకు మిగులుతుంది. వేలంలో పొందిన గని రాయల్టీలో పదో వంతుకు సమానమైన సొమ్ము జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. అది గని వల్ల నష్టపోయే ఊళ్లకే ఖర్చు కావాలి. మన కుర్రవాళ్లు మైనింగు మేట్, బ్లాస్టర్ సర్టిఫికెట్లకు ఇప్పటినుంచే చదవడం మంచిది. అవి లేకుంటే దక్కేది గేటు కాపలాయే.

ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లేవారు ఎన్ని ఉద్యోగాలని మాత్రమే అడిగి తిరిగి రాకూడదు. దిబ్బ ఏ సర్వే నంబర్లలో వేస్తారు, సైనైడు నీరు భూమిలోకి ఇంకకుండా అడుగున ఏమి పరుస్తారు, గని అయిపోయాక దానిని ఎవరు చూస్తారు అన్నవి పటం పరిచి చూపించమనాలి.